కూలి తల్లికి సెలవెప్పుడు?
(సురవరం ప్రతాపరెడ్డి స్మారక ఉపన్యాసం)



సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద మాట్లాడమంటే సాధారణంగా సాహిత్యకారుల్ని పిలుస్తారు. వైద్యం పాఠాలు చెప్పుకునే నన్నెందుకు పిలిచారా అని మొదట అనుకున్నాను. ఆలోచిస్తే ఇందులో న్యాయముందనిపించింది. 1896లో గద్వాల సంస్థానపు నేల మీద పుట్టి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, 1926లో గోలకొండ పత్రిక పెట్టి, 1930లో జోగిపేటలో తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచిన మనిషి ఆయన. 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులతో జవాబు చెప్పారు. ఇదంతా మీకు తెలిసిందే.

నాకు ముఖ్యమైంది 1949లో వచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. రాజుల యుద్ధాల్ని పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ నమ్మకాలతో బతికారు అని కావ్యాల్లోంచి ఏరి ఏరి రాసిన పుస్తకం. సాహిత్య అకాడెమీ తెలుగుకిచ్చిన తొలి బహుమతి, 1955లో, దానికే దక్కింది. అప్పటికి ఆయన లేరు. జనం తిండిని చరిత్రలోకి ఎక్కించిన ఆయన్ని తలుచుకునే చోట, ఈ జిల్లాల్లో కడుపుతో ఉన్న ఆడమనిషి ఏం తింటోంది, ఏం పని చేస్తోంది, కాన్పయ్యాక ఆమెను ఎవరు చూసుకుంటున్నారు అని అడగడం పరాయి విషయమేమీ కాదు. జోగిపేట సభతోపాటే నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగిందన్నది గుర్తుంచుకుంటే, ఈ ప్రశ్నకు ఆ వేదిక మీద అప్పుడే చోటుందని తెలుస్తుంది.

నేను చెప్పదలచింది ఒక్కటే. గర్భిణికీ బాలెంతకూ తిండి పెట్టాలన్న మాట ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి, చాలావరకు పెడుతున్నాయి కూడా. సెలవు ఇవ్వాలన్న మాట మాత్రం కూలి తల్లి దగ్గరికొచ్చేసరికి ఎవరూ ఎత్తడం లేదు. సెలవు లేకపోతే పెట్టిన తిండి ఒంటికి పట్టదు. దీన్ని ఆరు మెట్లుగా చెబుతాను.

1. ఈ నేల, ఈ పని

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసినప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడి జిల్లాలయ్యాయి. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డ ఒకవైపు, నల్లమల ఇంకోవైపు. ఏరు పక్కనే పారుతున్నా చేను ఎండిన కాలాన్ని ఈ నేల చాలా ఏళ్ళు చూసింది. పాలమూరు లేబర్ అన్న పేరు అప్పుడు పుట్టిందే. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు మట్టి మోసింది మనవాళ్ళు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని మొగుడూ పెళ్ళాం జంటగా కదిలేవాళ్ళు. జంటలో ఒకరు పని మానితే లెక్క తప్పుతుంది. ఆడమనిషికి ఏడో నెలైనా, తొమ్మిదో నెలైనా అంతే.

ఇప్పుడు నీళ్ళొచ్చాయి, వలస కొంత తగ్గింది. పని మాత్రం తగ్గలేదు. గద్వాల చుట్టుపక్కల గట్టు, ధరూర్, మల్దకల్, అయిజ వైపు వెళ్తే విత్తన పత్తి చేలు కనిపిస్తాయి. దేశమంతా నాటే హైబ్రిడ్ పత్తి గింజల్లో పెద్ద భాగం ఇక్కడి ఆడవాళ్ళ చేతివేళ్ళ మీదుగా పోతుంది. చూడనివాళ్ళ కోసం చెబుతాను. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు మధ్యాహ్నం నుంచి చీకటి పడేలోగా పట్టుకుని, బొటనవేలి గోరుతో పొర చీల్చి, లోపలి పుప్పొడి తిత్తుల్ని చుట్టూ గీరేయాలి. నడిమి కీలాగ్రానికి గోరు తగలకూడదు. పొద్దున్నే మగ పూలు తెంపుకొచ్చి ఒక్కో పువ్వుకూ ఒద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. చెట్టు నడుమెత్తు, పువ్వు ఎక్కడుంటే అక్కడికి వంగాలి. రెండు మూడు నెలలపాటు ఒక్కపూట మానినా ఆనాటి పువ్వు పోయినట్టే. మందు కొట్టిన చేలోనే ఇదంతా. ఈ పనిలో పొద్దున చేసేదీ ఉంది, సాయంత్రం చేసేదీ ఉంది. మధ్యాహ్నం ఇంటికి పోయివచ్చే వీలు మాత్రం లేదు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు వరి నాట్లు, పల్లీ పీకుడు. నల్లమల లోపల లింగాల, అమ్రాబాద్ మండలాల్లో చెంచు పెంటలు, అంటే వాళ్ళ గూడేలు. అప్పాపూర్ లాంటి పెంట నుంచి నొప్పులు పడుతున్న మనిషిని ఆసుపత్రికి తేవాలంటే అడవి దాటాలి. మూడు జిల్లాలు మూడు రకాలు. కడుపుతో ఉన్నా పనిలోకి పోక తప్పకపోవడం మూడింటికీ ఒకటే.

2. ఒళ్ళు అడిగే లెక్క

పోషకాహారం మీద మాట్లాడేవాళ్ళకు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్ద దిక్కు. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాద్ చేరింది. ఆ సంస్థ 2020 లెక్కల ప్రకారం గర్భిణికి మామూలుగా తినేదాని మీద రోజుకు 350 కిలోకేలరీలు ఎక్కువ కావాలి. మాంసకృత్తులు నాలుగో నెల నుంచి రోజుకు 9.5 గ్రాములు, ఏడో నెల నుంచి 22 గ్రాములు అదనంగా కావాలి.

బాలెంతకు ఎంతో చూడండి. మొదటి ఆరు నెలలు రోజుకు 600 కిలోకేలరీలు అదనం. అంటే కడుపులో బిడ్డను మోసేటప్పటికంటే, చంకలో బిడ్డకు పాలిచ్చేటప్పుడే తల్లికి ఎక్కువ తిండి కావాలి. మన ఇళ్ళలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. కాన్పయ్యేదాకా ‘తిను తిను’ అంటారు, కాన్పవగానే పథ్యం మొదలుపెడతారు.

ఇనుము సంగతి. గర్భకాలం మొత్తానికి ఒంటికి సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అది తిండి నుంచి రావడం కష్టం కనకనే నాలుగో నెల నుంచి రోజుకొక ఎర్ర మాత్ర చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మళ్ళీ 180 రోజులు ఇస్తారు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దాంతో ఫోలిక్ ఆమ్లం. మాత్ర మింగి వెంటనే చాయ్ తాగితే ఇనుము సరిగ్గా అందదు. కాల్షియం మాత్ర కూడా అదే పూట వేసుకోకూడదు. నిమ్మకాయ పిండుకున్న అన్నంతో, ఉసిరికాయతో ఇనుము బాగా పడుతుంది. ఈ చిన్న సంగతి చెప్పడానికి ఆశా కార్యకర్తకు రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు దొరకనన్ని రిజిస్టర్లు ఆమె చేతిలో పెట్టాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో గర్భిణుల్లో 53.2 శాతానికి రక్తహీనత ఉంది. అంటే హిమోగ్లోబిన్ 11 గ్రాములకు లోపే. అదే సర్వే ప్రకారం ఆసుపత్రి కాన్పులు 97 శాతం. 2018-20లో మన రాష్ట్రంలో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 43, దేశం మొత్తానికి 97. తల్లిని చావు నుంచి కాపాడడంలో మనం చాలా ముందుకొచ్చాం, ఇది చిన్న విజయం కాదు. ఇందుకు ఇక్కడున్న నర్సులకు చప్పట్లు కొట్టాలి. అయితే బతికిన ఆ తల్లి సగం రక్తంతో బతుకుతోంది. ఆ 43కూ ఈ 53.2కూ మధ్యనే నా ఉపన్యాసమంతా ఉంది.

పాత సంగతి ఒకటి చెబుతాను. 1928 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు కడుపుతో ఉన్నప్పుడు ఎందుకు పాలిపోతున్నారో తేల్చడానికి పూనుకుంది. వాళ్ళ ఇళ్ళు చూసింది, కంచాలు చూసింది. ఈస్ట్ సారం తినిపిస్తే రక్తం పడుతోందని 1931లో రాసింది. అందులోని పదార్థమే తర్వాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. ఈనాడు ప్రపంచంలో ప్రతి గర్భిణీ మింగే ఆ మాత్రకు మూలం మన దేశపు కూలి తల్లి కంచం. ఆ కంచం ఎవరిదో మరిచిపోయి మాత్రనొక్కదాన్నే పట్టుకున్నాం.

3. పథ్యంలో పనికొచ్చేది, పనికిరానిది

పాత ఆచారాలన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారేసే డాక్టర్ల జట్టులో నేను లేను. అన్నీ గొప్పవేననే జట్టులోనూ లేను. మన పురిటి గదిలోకి ఒకసారి తొంగిచూద్దాం.

బాలెంతకు మెత్తటి అన్నం, వెల్లుల్లి కారం, శొంఠి, కాచిన నెయ్యి. పప్పు వద్దు, బిడ్డకు కడుపుబ్బరం. పెరుగు వద్దు, జలుబు. వంకాయ వద్దు, గోంగూర వద్దు. మనవైపు దాన్నే పుంటికూర అంటాం. నీళ్ళు ఎక్కువ తాగితే ఒళ్ళు నీరు పడుతుందని గ్లాసుతో కొలిచి ఇస్తారు. కొన్ని ఇళ్ళలో ముర్రుపాలు పిండి పారబోస్తారు. పప్పు, పెరుగు, ఆకుకూర, నీళ్ళు తీసేశాక పాలిచ్చే తల్లికి మిగిలేదేమిటి? కాన్పుకు ముందు ఇంకో నమ్మకం ఉంది. ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని చివరి నెలల్లో తగ్గించి తింటారు. ఇవి మానాలి. వీటి మీద మొహమాటం అక్కర్లేదు. ఇందాకటి సర్వే ప్రకారం రాష్ట్రంలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 37 శాతమే. అందులో ముర్రుపాల భయంతోపాటు, నూటికి అరవై దాటిన సిజేరియన్ల వాటా కూడా ఉందని మా వృత్తివాళ్ళం ఒప్పుకోవాలి.

ఇక రెండో వైపు. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకెళ్ళడం. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో ఒళ్ళు తేలేలా స్నానం చేయించడం. తల్లో అత్తో పెద్దమ్మో పక్కనే పడుకోవడం. ఇరవై ఒక్క రోజులు గడప దాటనివ్వకపోవడం, మూడో నెల దాకా బరువు ఎత్తనివ్వకపోవడం. దీనికి మైల అని పేరు పెట్టి ఆడదాన్ని దూరంగా కూర్చోబెట్టడం తప్పే. కానీ ఆ పేరు మాటున మన పెద్దవాళ్ళు బాలెంతకు ఒకటి మిగిల్చారు. ఆ రోజుల్లో ఆమెను ఎవరూ పని అడగకూడదు. నేలా నగలూ ఉన్న ఇళ్ళలో అది మూడు నెలలు దక్కింది. కూలి ఇళ్ళలో మూడు వారాలకు కుదించుకుపోయింది, మేస్త్రీ అడ్వాన్సు ఉన్న ఇళ్ళలో అదీ దక్కలేదు. ఆచారంలో పనికిరాని సగం, అంటే తిండి ఆంక్షలు, పేద ఇంటికి చక్కగా చేరింది. పనికొచ్చే సగం, అంటే విశ్రాంతి, చేరలేదు.

4. సర్కారు పెట్టిన అన్నం

1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం నుంచి ఇవాళ్టిదాకా వచ్చిన దారి చిన్నది కాదు. మన రాష్ట్రంలో 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి మొదలైంది. గర్భిణి, బాలెంత అంగన్‌వాడీకి వచ్చి అక్కడే కూర్చుని ఒక పూట నిండుగా తింటారు. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. టీచర్ ఎదుటే ఎర్ర మాత్ర. అక్కడే తినిపించడంలో తెలివి ఉంది. ఇంటికిస్తే అది ఇంటిదవుతుంది, కేంద్రంలో పెడితే అది ఆమెదవుతుంది.

2017 జూన్‌లో కేసీఆర్ కిట్ వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయితే విడతలుగా 12,000 రూపాయలు, ఆడపిల్ల పుడితే 13,000. 2022 డిసెంబరులో న్యూట్రిషన్ కిట్ వచ్చింది. రక్తహీనత ఎక్కువని ఎంచిన తొమ్మిది జిల్లాల్లో ముందు మొదలైంది. ఆ తొమ్మిదిలో మన జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూల్ రెండూ ఉన్నాయి. గౌరవమైన జాబితా కాదు, కానీ అవసరాన్ని గుర్తించారు. ఒక బుట్టలో కిలో పోషక మిశ్రమం పొడి, కిలో ఖర్జూరం, అరకిలో నెయ్యి, మూడు ఐరన్ సిరప్ సీసాలు, నులిపురుగుల మాత్ర, ఒక కప్పు. నాలుగు నుంచి ఏడు నెలల మధ్య ఒకసారి, ఆ తర్వాత ఇంకోసారి. 2023 జూన్‌లో వనపర్తితో సహా రాష్ట్రమంతటికీ విస్తరించింది.

పేర్లు మారవచ్చు, పార్టీలు మారవచ్చు. నేను లెక్కించేది బుట్టలో ఏముందని. ఆ బుట్టను కాస్త దగ్గరగా చూడండి. ఆసుపత్రిలో ఫొటో దిగేటప్పుడు అది గర్భిణి చేతిలో ఉంటుంది. ఇంటికెళ్ళాక నెయ్యి డబ్బా అత్తగారి అటక మీదికి చేరుతుంది, ఖర్జూరాలు పెద్ద పిల్లల జేబుల్లోకి పోతాయి, పొడి పాలల్లో కలిసి మామగారి దాకా వెళ్తుంది. అత్తగారు చెడ్డమనిషి అనడం లేదు. ఆ ఇంట్లో అందరికీ ఆకలే. పిల్లలు చేయి చాస్తే ఏ తల్లి ఖర్జూరం దాచుకుని తింటుంది? ఆమె అందరికంటే చివర తింటుంది, అడుగున మిగిలిందే తింటుంది. కిట్ వచ్చినంత మాత్రాన ఆ వరుస మారదు.

అందుకే కూర్చోబెట్టి పెట్టే అన్నమే మేలంటాను. అయితే అది ఎవరికి అందుతోంది? ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడికి తెస్తున్నాను. కేంద్రంలో భోజనం మధ్యాహ్నం. క్రాసింగ్‌కు పోయే మనిషి పొద్దుపొడుపుకు ఊరు దాటుతుంది, చీకటి పడ్డాక వస్తుంది. పత్తిచేలో ఒకామెను అడిగాను, ‘అంగన్‌వాడీకి ఎందుకు పోవడం లేదమ్మా’ అని. మొగ్గ మీదినుంచి గోరు తీయకుండానే ఆమె చెప్పింది. ‘ఆడ గుడ్డు తిననీకి పోతే ఈడ కూలి పోతది గద సార్.’ గుడ్డుకూ కూలికీ మధ్య ఎంచుకోమంటే ఎవరైనా కూలినే ఎంచుకుంటారు. పథకం పెట్టినవాళ్ళ తప్పు కాదిది. గర్భిణి మధ్యాహ్నం ఇంటిపట్టునే ఉంటుందని వాళ్ళు అనుకున్నారు. ఉండే స్తోమత ఉంటే ఆమెకు రక్తహీనత అంతగా ఎందుకు వస్తుంది?

5. విశ్రాంతి కూడా పోషకాహారమే

350 కేలరీలు ఎక్కువ తినిపించి, ఎండలో రోజంతా వంగి పనిచేయిస్తే అది ఓటికుండలో నీళ్ళు పోసినట్టే. తిన్నదాంట్లో ఎంత బిడ్డకు పోతుందనేది తల్లి ఎంత కష్టపడుతోందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ఉద్యోగం చేసే తల్లుల విషయంలో ఈ సంగతి చట్టానికి ఎప్పుడో తెలుసు. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం కాన్పయిన ఆరు వారాలు ఏ యజమానీ ఆమెతో పని చేయించకూడదంది. 2017 సవరణతో జీతంతో కూడిన సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. ఈ హాల్లో ఉన్న ఉద్యోగినులు దాన్ని వాడుకుని ఉంటారు, వాడుకోవాలి కూడా. మరి ఆ చట్టంలోని ఆరు వారాలు పత్తిచేలో పనిచేసే మనిషి ఒంటికి వర్తించవా? గర్భసంచి మామూలు స్థితికి రావడానికి ఆఫీసులో పనిచేసే తల్లికి పట్టే కాలమే ఆమెకూ పడుతుంది.

2013 ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్ ఇలాంటి ప్రతి తల్లికీ రెండు హామీలిచ్చింది. గర్భం నుంచి కాన్పయిన ఆరు నెలల దాకా అంగన్‌వాడీలో ఉచిత భోజనం ఒకటి. 6,000 రూపాయలకు తగ్గని ప్రసూతి సాయం రెండోది. చిన్న లెక్క వేద్దాం. రోజు కూలి 400 అనుకోండి. 6,000 అంటే 15 రోజుల కూలి. రాష్ట్రం ప్రకటించిన 12,000 అంటే 30 రోజులు. ఉద్యోగినికిచ్చే 26 వారాలు అంటే 182 రోజులు, అదే కూలి లెక్కన 72,800. పైగా ఆ 12,000 కూడా పరీక్షలకు, ఆసుపత్రి కాన్పుకు, టీకాలకు ముడిపెట్టి విడతలుగా ఇచ్చేది. ఆసుపత్రికి రప్పించడానికి అది బాగా పనికొచ్చింది. పని మాన్పించడానికి పనికొచ్చేలా ఏ విడతా లేదు. ఎనిమిదో నెలలో చేతికి డబ్బొస్తేనే ఆమె ఎనిమిదో నెలలో చేను మానుతుంది.

బయట చూద్దాం. తమిళనాడులో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరుతో 1987 నుంచే పేద గర్భిణులకు నగదు ఇస్తున్నారు. ఫిన్లాండ్‌లో 1938 నుంచి తల్లులకు ఒక పెట్టె ఇస్తున్నారు, అందులో పసిబిడ్డకు కావలసినవన్నీ ఉంటాయి. మొదట పేద తల్లులకే, 1949 నుంచి అందరికీ. మన కిట్లకు అది పెద్దక్క లాంటిది. అయితే ఫిన్లాండ్ తల్లికి పెట్టెతోపాటు జీతంతో సెలవూ ఉంది. మనం పెట్టె ఒక్కటే ఇచ్చి, అక్కడి ఫలితాలు కోరుకుంటున్నాం.

6. కాన్పయ్యాక మరిచిపోయే మనిషి

ఇక్కడ నా ఫిర్యాదు మరింత గట్టిది. న్యూట్రిషన్ కిట్ ఇచ్చింది రెండుసార్లూ గర్భంలోనే. బిడ్డకు ఏడో నెల నుంచి బాలామృతం అనే పోషకాహారపు పొడి వస్తుంది. కాన్పుకూ బాలామృతానికీ మధ్య ఆరు నెలలు, ఒళ్ళు 600 కేలరీలు ఎక్కువ అడిగే ఆరు నెలలు, తల్లికి దక్కేది అంగన్‌వాడీ భోజనం ఒక్కటే. ఆ భోజనం కోసం బాలెంత గడప దాటాలి. దాటనివ్వరు. ఒకవేళ దాటినా ఆమె పుట్టింట్లో ఉంది, పేరు అత్తింటి ఊరి రిజిస్టర్‌లో ఉంది. కేంద్రాల మధ్య పేరు మార్చే ఏర్పాటు ఫోన్లలోకి వచ్చింది కాబట్టి కొంత మేలు. కానీ అడిగి మార్పించుకునేదెవరు?

జాతీయ పోషకాహార సంస్థకు దిశ చూపిన డాక్టర్ సి. గోపాలన్ పేద తల్లుల పాల మీద చాలా పని చేశారు. సరైన తిండిలేని తల్లుల పాలు కూడా నాణ్యతలో పెద్దగా తగ్గవని ఆ పరిశోధనల సారం. వినడానికి శుభవార్తలా ఉంటుంది. కాని ఆ పాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? తల్లి తన కండల్లోంచి తీసి ఇస్తోంది. బిడ్డ బరువు కార్డులో పైకి పోతుంటే అందరూ సంతోషిస్తారు. తల్లి బరువు రాసే గడి కాన్పు తర్వాత ఖాళీగా ఉంటుంది.

ఒంటితోపాటు మనసు. కాన్పయిన తర్వాత దిగులు మీద మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన వ్యాసం ఒకటి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. సుమారు 22 శాతం తల్లుల్లో ఆ దిగులు ఉందని తేల్చింది. అయిదుగురిలో ఒకరు. మన ఊళ్ళలో దీన్ని గాలి సోకిందంటారు, లేదా ఆడపిల్ల పుట్టిందని ఏడుస్తోందంటారు. ఆసుపత్రిలో కాన్పయితే 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి పోవాలని నియమం. ఆ ఆరుసార్లూ బిడ్డ బొడ్డు, బిడ్డ బరువు, బిడ్డ టీకా. ఇక్కడున్న ఆశా అక్కలకు ఒక్క మనవి. బిడ్డను చూసిన తర్వాత తల్లి వైపు తిరిగి, ‘నిద్ర పడుతోందా? తింటున్నవా? ఏడుపొస్తోందా?’ అని అడగండి. జవాబు బాగా లేకపోతే డాక్టర్ దగ్గరికి పంపండి. మానసిక సాయానికి 14416 అనే ఉచిత నంబరు ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో వాళ్ళకు చెప్పండి, ఇది గాలీ కాదు, గారాబమూ కాదు, నయమయ్యే జబ్బు.

ఏం చేయాలి?

వైద్యుడు రోగం పేరు చెప్పి వదలకూడదు, మందు కూడా రాయాలి. నాలుగు రాస్తాను.

ఒకటి, భోజనం వేళ. విత్తన పత్తి పనులు సాగే నెలల్లో గద్వాల జిల్లాలో అంగన్‌వాడీ భోజనం రెండు వేళల్లో ఉండాలి. పొద్దున పనికి పోయేముందు గుడ్డు, పాలు. సాయంత్రం తిరిగొచ్చాక అన్నం. టీచర్లూ ఆయాలూ కనుబొమలు ముడుస్తున్నారు, కనిపిస్తోంది. నిజమే, అదనపు పనికి అదనపు జీతం ఇవ్వాల్సిందే. వేళ మార్చే అధికారం జిల్లా స్థాయికి ఇవ్వండి. హైదరాబాద్‌లో కూర్చుని గట్టు మండలపు పొద్దు కొలవలేరు.

రెండు, బాలెంత భోజనం ఆమె మంచం దగ్గరికి పోవాలి. కాన్పయిన ఆరు వారాలు మహిళా సంఘం ద్వారా టిఫిన్ కట్టి పంపవచ్చు. మూడో కిట్ ఒకటి కాన్పయ్యాక ఇవ్వాలి. అందులో దూరం నుంచి వచ్చే డబ్బా పొడి కంటే మన నేల పంటే ఉండాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్ యాసంగి పల్లీ బయటి మార్కెట్లకు లారీల్లో పోతోంది. ఆ ఊళ్ళ బాలెంతకు పల్లిపట్టి అందదు. పల్లి, నువ్వులు, బెల్లం, జొన్న, పెసలు. వీటితో ఉండలు చేసే చేతులు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. చెంచు పెంటల్లో నెలలు నిండేముందే వచ్చి ఉండే చోటు ఆసుపత్రి పక్కన కావాలి, తోడు వచ్చినవాళ్ళకూ అన్నం పెట్టాలి.

మూడు, డబ్బు విడతలు మార్చాలి. పెద్ద విడత ఎనిమిదో నెల మొదట్లో, ఇంకో పెద్ద విడత కాన్పయిన వారంలోపు. షరతు ఒక్కటే ఉండాలి, పని మానడం.

నాలుగోది కొందరికి రుచించకపోవచ్చు. ఇంత డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? దారి చట్టంలోనే ఉంది. 1996లో వచ్చిన చట్టంతో భవన నిర్మాణ కార్మికుల కోసం నిర్మాణ ఖర్చు మీద 1 శాతం సెస్ మొదలైంది, ఆ నిధి నుంచి నమోదైన కార్మికురాలికి ప్రసూతి సాయం అందుతుంది. ఇల్లు కట్టేవాడు కూలి తల్లి సెలవుకు డబ్బు కడుతున్నప్పుడు, విత్తనం అమ్మేవాడు ఎందుకు కట్టకూడదు? పత్తి విత్తనం పాకెట్ మీద చిన్న సెస్ వేసి, ఆ నిధిని విత్తనం పండే మండలాల్లోని ఆడకూలీల ప్రసూతి సెలవుకే కేటాయించండి. విత్తన కంపెనీ, మధ్యవర్తి ఆర్గనైజర్, రైతు, ప్రభుత్వం నలుగురూ ఆ గోటి పని మీద బతుకుతున్నారు. నలుగురూ తలా కొంత పెట్టడం దానం కాదు, బాకీ తీర్చడం.

ఈ ఖర్చుతో మార్కెట్లో పోటీ పడలేమని అనేవాళ్ళుంటారు. 1961లో మిల్లు యజమానులూ ఇదే అని ఉంటారు. మిల్లులు మూతపడింది ప్రసూతి సెలవు వల్ల కాదు.

వచ్చే శాసనసభ సమావేశాల్లోపు ఈ మూడు జిల్లాల ప్రజాప్రతినిధులు కలిసి ఈ నాలుగింట్లో కనీసం సెస్ సంగతి సభ ముందు పెట్టాలని కోరుతున్నాను. వనపర్తి నుంచి శాసనసభకు వెళ్ళిన తొలి తరం సభ్యుడి పేరు మీద జరిగే సభలో అడుగుతున్నాను కనుక ఇది విన్నపమే కాదు, వాళ్ళ బాధ్యతను గుర్తుచేయడం కూడా. ఆశా, అంగన్‌వాడీ సంఘాలు తమ కోర్కెల జాబితాలో కూలి తల్లి సెలవును కూడా చేర్చండి. మీరు అడిగితే వినిపించుకోక తప్పదు.  ప్రశ్నలుంటే అడగండి, ముఖ్యంగా నాతో ఒప్పుకోని వాళ్ళు.